బురద కోసం వచ్చిన ట్యాంకర్

సైకిల్ పందెం అనగానే మీకు నున్నటి తారు రోడ్డు గుర్తొస్తుంది. నేను చెప్పబోయే పందెంలో రోడ్డే ఉండదు. గడ్డి ఉంటుంది, ఇసుక ఉంటుంది, దారికి అడ్డంగా మోకాలి ఎత్తు చెక్కలు ఉంటాయి, అన్నిటికీ మించి బురద ఉంటుంది. తొక్కగలిగినంత మేర తొక్కాలి. తొక్కలేని చోట దిగి, సైకిల్‌ను భుజాన వేసుకుని పరుగెత్తి, మళ్లీ ఎగిరి ఎక్కాలి. దీన్ని సైక్లోక్రాస్ అంటారు. చలికాలం ఆట. ఒక ప్రభుత్వరంగ సంస్థలో సైక్లింగ్ కోచ్‌గా జీవితమంతా రోడ్డు పందేలు చూసుకున్న నాకు, రిటైరవడానికి ముందు ఈ ఆట నెత్తిన పడింది. మా స్పోర్ట్స్ సెక్రటరీ అకౌంట్స్ ఆఫీసర్. ఆయనకు ఆ పేరు నోరు తిరగక చివరిదాకా ‘ఆ మట్టి పందెం’ అనే అన్నారు.

ఈ మధ్య కుర్ర కోచ్‌లు నా దగ్గరికి వచ్చి, సీజన్‌కు ఎలా తయారుచేయాలి మేడమ్ అని అడుగుతున్నారు. టైర్లో గాలి ఎంత, వారంలో విశ్రాంతి ఎప్పుడు, ఇవన్నీ మీ ఫోన్లలోనే దొరుకుతాయి. వాటికోసం నా ఇంటిదాకా రానక్కర్లేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నాతో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు, కనుక చిరాకుపడ్డానని అనుకోకండి. మీరు అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఒకే ఒక్క సీజన్. అది చెబుతాను, వినండి.

ఆ అమ్మాయి మా ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ అటెండర్. మలక్‌పేట నుంచి మూసీ వైపు దిగితే, నది గోడను ఆనుకుని ఉన్న బస్తీలో తల్లితో ఉండేది. తండ్రి లేడు. తల్లి ఒక ఆస్పత్రిలో ఆయా. పొద్దున్నే తల్లిని పాత జెంట్స్ సైకిల్ వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రి దగ్గర దింపి, తర్వాత ఆఫీసుకు వచ్చేది. ఒకరోజు నేను ఆటోలో వస్తూ, ఆ తల్లీకూతుళ్లు ఫ్లైఓవర్ ఎక్కడం చూశాను. సీటు మీద నుంచి లేవకుండా, ఊగకుండా, వెనక మనిషిని పెట్టుకుని ఆ ఎత్తు ఎక్కేసింది. నేను ఆఫీసుకు వెళ్లగానే ఆమెను పిలిపించాను. టీ తెమ్మంటానేమో అనుకుని కప్పుతో వచ్చింది.

రోడ్డు పందేల్లో రెండేళ్లు బాగానే తొక్కింది కాని, గెలిచే వేగం లేదు. సైక్లోక్రాస్ సర్క్యులర్ వచ్చినప్పుడు నాకు మొదట తట్టింది ఆమే. మోయడం తెలుసు, పడితే లేవడం తెలుసు. పైగా సంస్థ ఒక మాట ఇచ్చింది. జోనల్ ట్రయల్స్‌లో మహిళల్లో మొదటి ఇద్దరికీ క్రీడల కోటాలో పర్మనెంట్ ఉద్యోగం. ఆ ఏడు దాటితే ఆమెకు వయసు గడువు దాటిపోతుంది. మళ్లీ అవకాశం రాదు. ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే ఆవిడకూ తెలుసు.

మా మెకానిక్ పాతబస్తీ మనిషి. తాతల కాలం నుంచి చార్మినార్ వెనక గల్లీలో సైకిళ్లు బాగుచేసిన కుటుంబం. అందరికీ భాయ్. తెల్లవారుజామున ఫజర్ నమాజ్ చేసుకుని వచ్చేవాడు. పాత రోడ్డు సైకిల్ ఫ్రేమును ఎక్కడెక్కడో సాగదీసి, బురద ఇరుక్కోకుండా లావు టైర్లు పట్టేలా చేశాడు. వానాకాలం మొదలు కాగానే మేం ముగ్గురం పని మొదలుపెట్టాం. షట్టర్లు తెరుచుకోకముందు గాజుల బజారు వైపు గల్లీల్లో మలుపులు. ఆ తర్వాత గుట్ట మెట్ల మీద సైకిల్ భుజాన వేసుకుని పరుగు. ఆ తర్వాత బస్తీకీ మూసీ గోడకూ మధ్య ఉన్న ఖాళీ జాగాలో బురద. వానలు ఉన్నన్ని రోజులు బురదకు కొదవ లేదు.

మెట్ల మీద మోసి మోసి ఆమె భుజం కమిలిపోయింది. నేను స్పాంజి కొనుక్కురమ్మన్నాను. మర్నాడు జెర్సీ లోపల, భుజం దగ్గర, తల్లి కుట్టిపెట్టిన చుట్టబట్ట కనిపించింది. బిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు కింద పెట్టుకునే చుట్టబట్టే. పాత ఎర్రచీర మడతపెట్టి, గుండ్రంగా తిప్పి, కుట్టింది. చూడటానికి మూపురంలా ఉందని నేను నవ్వాను. “మా అమ్మ బిందెలు మోసి మోసి మెడ నొయ్యకుంట బతికింది మేడమ్, నాకు భుజం నొస్తదా?” అంది. నిజంగానే ఆ తర్వాత నొప్పి అనలేదు.

మలక్‌పేట రేస్‌కోర్స్ గోడ పక్కనుంచి తిరిగి వచ్చేటప్పుడు లోపల గుర్రాల డెక్కల చప్పుడు వినిపించేది. గుర్రాల కాళ్లకు దెబ్బ తగలకూడదని లోపల నేలను తడిపి మెత్తగా ఉంచుతారని, మనం కూడా నాలుక్కాళ్లతో పుట్టి ఉంటే ఫికర్ ఉండేది కాదని భాయ్ రోజూ అనేవాడు. రోజూ మేం నవ్వేవాళ్లం.

దసరా దాటాక వాన మొహం చాటేసింది. ఖాళీ జాగా ఎండి బండ అయింది. ట్రయల్స్‌లో బురద గుంట తప్పదు, అక్కడి నిర్వాహకులు నీళ్లు కొట్టి మరీ చేస్తారు. మా అమ్మాయికి మెట్లు వచ్చాయి, చెక్కలు దాటడం వచ్చింది, కాని బురదలో మలుపు దగ్గర ఇంకా బ్రేకు మీద చెయ్యి పడేది. చెయ్యి పడిందంటే టైరు జారుతుంది, మనిషి కింద ఉంటుంది. ఆ భయం పోవాలంటే బురదలోనే పోవాలి, వేరే మందు లేదు. నేను సెక్రటరీ గారికి ఈ మాట చెప్పుకుని బాధపడితే, ఆయన, నీళ్లే కదా, ట్యాంకర్ తెప్పిద్దాం అన్నారు. నిజం చెప్పాలంటే ఆయన మంచి మనిషి. ఒక అవుట్‌సోర్సింగ్ అటెండర్ కోసం సంస్థ వర్క్స్ విభాగం చుట్టూ తిరిగి, నలుగురిని బతిమాలి, ఆ ట్యాంకర్ సాధించారు. నాకు ఆరోజు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది.

నాకూ, భాయ్‌కీ, సెక్రటరీ గారికీ తట్టని సంగతి ఒకటుంది. ఆ వారం బస్తీ బయట పైపు కోసం తవ్వి వదిలేశారు. నల్లా రావడం లేదు.

బస్తీలో నీళ్ల వరుస ఎలా ఉంటుందో తెలియని వాళ్లకు చెబుతాను. అక్కడ మనిషి నిలబడదు, బిందె నిలబడుతుంది. రాత్రే గల్లీ మొదట్లో బిందెలు వరుసగా పెట్టి ఎవరి పనికి వాళ్లు పోతారు. ఏ బిందె ఎవరిదో అందరికీ తెలుసు. ఒకరి బిందెను వెనక్కి జరిపి తమది ముందు పెట్టుకుంటే, ఆ లొల్లి వారం రోజులు నడుస్తుంది. పండక్కి మాట్లాడుకోని అక్కాచెల్లెళ్లు కూడా ఆ వరుసను మాత్రం తప్పరు.

ఆ పొద్దున బిందెల వరుస గల్లీ మొదలు దాటి రోడ్డుదాకా వచ్చి ఉంది. ట్యాంకర్ హారన్ వినపడగానే ఇళ్లలోంచి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ట్యాంకర్ ఆ వరుస పక్కనుంచే మెల్లగా వెళ్లి, ఖాళీ జాగాలోకి తిరిగింది. డ్రైవర్ పైపు విప్పాడు. తెల్లటి నీళ్లు ఎండిన మన్ను మీద పడి పొగ లేచింది. సెక్రటరీ గారు చేతులు కట్టుకుని సంతోషంగా చూస్తున్నారు. అమ్మాయి అవతలి చివర నుంచి బయల్దేరి ఒక మలుపు తిరిగింది. అప్పుడే బురద కాస్త పట్టు ఇస్తోంది.

ఆడవాళ్లు జాగా అంచుకు వచ్చి ఆగారు. వాళ్లలో ఒకావిడ గట్టిగా అడిగింది. “ఏందిది? మేం తాగనీకి సుక్క లేదు, మీరు మన్నుకు తాపుతుండ్రా?” ఆవిడ వెనకే అమ్మాయి తల్లి ఉంది. డ్యూటీకి కట్టుకునే ఆస్పత్రి చీరలో, రెండు చేతుల్లో రెండు బిందెలతో ఉరికొచ్చింది. కూతుర్ని చూసింది. బురదను చూసింది. బిందెలు రెండూ చప్పుడు కాకుండా కింద పెట్టి, పక్కకు తిరిగి నిలబడింది.

అమ్మాయి సైకిల్ దిగింది. నేను నేర్పిన పద్ధతిలోనే, ఎడమ పక్కకు దిగి, ఫ్రేములోంచి చెయ్యి దూర్చి భుజాన వేసుకుంది. నేరుగా డ్రైవర్ దగ్గరికి నడిచి, “అన్నా, బంజెయ్. బండి గల్లీ కాడికి తీస్కపో” అంది. డ్రైవర్ సెక్రటరీ గారి మొహం చూశాడు. సెక్రటరీ గారు నా మొహం చూశారు.

ఆయన కోప్పడలేదు, అదే ఇంకా కష్టమైంది. “నీ కోసమే తెప్పించిన కదమ్మా. నీ నౌకరీ కోసం” అన్నారు.

“ఎరుకే సార్. మీ మేలు మర్వ. కానీ గీ నీళ్లల్ల తొక్కుడు నాతోని కాదు.”

నేను ఆమెను చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లాను. నా కోపం సంగతి చెప్పాను కదా. ఒక్క గంట, కళ్లు మూసుకుని ఒక్క గంట తొక్కు, నీ బతుకు మారుతుంది, రేపు వీళ్లకు ఇంకో ట్యాంకర్ నేనే తెప్పిస్తాను అన్నాను. ఆమె నా కళ్లల్లోకి చూసింది. “రేపు రాదు మేడమ్. మీరు తెప్పిద్దమనే అనుకుంటరు. కానీ రాదు. మేం మస్తు సార్లు చూసినం.”

ట్యాంకర్ గల్లీ దగ్గరికి వెళ్లింది. బిందెలు వరుస ప్రకారమే నిండాయి. తల్లి తన బిందెలు తెచ్చి వరుస చివర పెట్టింది, వాటి వంతు వచ్చేసరికి ట్యాంకర్‌లో నీళ్లు అడుగంటాయి. సెక్రటరీ గారు ఆ తర్వాత మా ప్రాక్టీసుకు రాలేదు. రెండో ట్యాంకర్ ఆయన అడగలేదు, అడగమని నేనూ అనలేకపోయాను. బురద కోసం తీసుకున్న నీళ్లు ఎటు పోయాయని పైవాళ్లు అడిగితే ఆయన ఏం జవాబు చెప్పుకున్నారో నాకు తెలియదు.

బురద లేకుండా కొన్నాళ్లు గడిచాయి. నేను ఆమెతో అవసరమైనంతే మాట్లాడాను. చివరికి భాయ్ దారి చూపించాడు. మూసీ ఒడ్డున ధోబీఘాట్ ఉంది కదా, ఉతికిన నీళ్లన్నీ ఒక పల్లంలోకి పోయి నిలుస్తాయి, అక్కడ ఏడాది పొడుగునా బురదే అన్నాడు. అక్కడి పెద్దావిడను వెళ్లి అడిగాం. ఆరేసిన బట్టల మీద ఒక్క చుక్క పడినా మీ సైకిల్‌ను కూడా బండకేసి ఉతుకుతానంది. ఒప్పుకున్నట్టే అని భాయ్ మాకు తర్జుమా చేశాడు.

సబ్బు కలిసిన బురద మామూలు బురద కాదు. అందులో బ్రేకు మాట అటుంచి, ఆలోచన వచ్చినా జారిపడతారు. మొదట్లో ఆమె తొక్కినదానికన్నా పడింది ఎక్కువ. ఘాట్ మీద ఆడవాళ్లు పని ఆపి మరీ చూసేవాళ్లు. మెల్లగా బరువు వెనక్కి వేయడం, చూపు ముందుకు పెట్టడం, చేతులు వదులుగా ఉంచడం వచ్చాయి. ప్రాక్టీసు అయ్యాక తడిబట్టల మూటలు భుజాన వేసుకుని గట్టు పైకి చేర్చేది. ఎవరూ అడగలేదు. ఆఫీసుకు వస్తే మనిషంతా సబ్బు వాసన. ఇవాళ నిన్ను కూడా ఉతికారా అని అందరూ ఆటపట్టించేవాళ్లు. నా కోపం కూడా ఆ రోజుల్లోనే కరిగింది. నా ఉద్యోగంలో అంత సంతోషంగా గడిచిన పొద్దులు మళ్లీ లేవు, ఆ సంతోషం దాచుకోవాల్సిన అవసరమూ నాకు లేదు.

ట్రయల్స్ దగ్గరపడుతుండగా ఆమె ఒక మలుపులో పడితే, చైను చక్రం పళ్లు కుడి పిక్కలో దిగాయి. మాకు చెప్పలేదు. అక్కడి నీళ్లతోనే కడుక్కుని, రుమాలు కట్టుకుని, మిగతా రౌండ్లు తొక్కింది. అది సబ్బు నీళ్లొక్కటే కాదు, మూసీ పక్కన పల్లం. కాలు వాచి, జ్వరం ముంచుకొచ్చి, మాట తడబడేదాకా ఇంట్లో కూడా చెప్పలేదు. తల్లి తను పనిచేసే ఆస్పత్రికే ఎత్తుకుపోయింది.

ఆ సాయంత్రం తల్లి మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ప్రాణానికి భయం లేదని, వాపు తగ్గితే పందెం సంగతి అప్పుడు చూద్దామని డాక్టర్ అన్నాడట. పిల్ల మాత్రం పోతాననే అంటోందట. మీరు ఏమంటారమ్మా అని నేను అడిగాను. ఆమె గుమ్మం పట్టుకుంది.

“గా దినం నేను బిందెలు వట్టుకొని ఉరికొచ్చిన మేడమ్. నేను రాకపోతే, నన్ను సూడకపోతే, పిల్ల ఆ బురదల్నే తొక్కుతుండె. మంచి నీళ్ల బురద. గీ పుండు కాకపోవు.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాకు గా దినం డ్యూటీ పొద్దుగాలనే ఉండె. ఒక్క పది నిమిషాలు ముందుగాల పోయినా బాగుండు.”

నేను కోచ్‌ని. ఓడిపోయిన వాళ్లతో ఏం మాట్లాడాలో నాకు తెలుసు, గెలిచిన వాళ్లతో ఏం మాట్లాడాలో కూడా తెలుసు. ఆ తల్లికి మాత్రం మంచినీళ్లు ఇచ్చాను. ఆమె తాగకుండా గ్లాసు చేతిలో పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

వాపు తగ్గింది. నొప్పి వస్తే ఆగిపోవాలన్న షరతు మీద డాక్టర్ సరేనన్నాడు. ట్రయల్స్ వేరే ఊళ్లో. మేం మైదానం చేరేసరికి బురద గుంట తయారు చేస్తున్నారు. రెండు ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి నీళ్లు వదులుతున్నాయి. ఆమె సైకిల్ పట్టుకుని ఆ ట్యాంకర్ల వంక చూస్తూ ఆగిపోయింది.

“ఈడ చుట్టుపక్కల బస్తీ లేదా మేడమ్?”

లేదన్నాను. నాకు నిజంగా తెలియదు. వెనక్కి తిరిగి చూసుకోకుండా వెళ్లమని వీపు మీద తట్టాను.

ఆరోజు ఆమె తొక్కినట్టు బురదలో తొక్కిన మనిషిని నేను చూడలేదు. మిగతా అమ్మాయిలు గుంట అంచున దిగి పరుగెత్తుతుంటే, తను చేతులు వదులుగా పెట్టి, చూపు ముందుకు పెట్టి, నడిమధ్య నుంచి వెళ్లిపోయింది. గట్టు ఎక్కేచోట సైకిల్ భుజాన వేసుకుని ఇద్దరిని దాటింది. చివరి రౌండ్ మొదలయ్యేసరికి రెండో స్థానం. భాయ్ దారి పక్కన కట్టిన తాడు పట్టుకుని దువా చేస్తున్నాడు. ఆఖరి చెక్కలు దాటి మళ్లీ సైకిల్ ఎక్కినప్పుడు కుడికాలు పెడల్ మీద ఆనలేదు. జ్వరం తినేసిన కాలు. తొక్కుతోంది కాని బండి కదలడం లేదు. గడ్డి మీద ఆ కొంచెం దూరంలో వెనక నుంచి ఒక అమ్మాయి వచ్చి దాటేసింది.

మూడో స్థానం. నేను దగ్గరికి వెళ్లేసరికి ఆమె కూలబడలేదు. సైకిల్‌ను కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. దాన్ని కొంచెమే తిప్పి, సన్నటి ధారతో చైను కడుగుతోంది. “ఇద్దర్నే తీస్కుంటరు కదా మేడమ్” అంది. అవునన్నాను. “మా అమ్మకు నేనే చెప్త. మీరు ఫోన్ చెయ్యకుండ్రి.” అప్పుడు కుళాయి కట్టేసి, నా భుజం మీద తల పెట్టింది. చుట్టబట్ట తడిసి బరువెక్కి ఉంది.

నేను ఆ ఏడే రిటైరయ్యాను. ఆమె ఇప్పటికీ అవుట్‌సోర్సింగ్ అటెండరే. ఆ ఒక్క గంట ఆమె తొక్కి ఉండాల్సిందని నేను ఇవాళ్టికీ అనుకుంటాను. తొక్కి ఉంటే ఆ గంటను ఆమె మరచిపోగలిగేదా అంటే, అది నాకు తెలియదు.

మొన్న ఎండాకాలం ఆమెను చూడాలనిపించి బస్తీకి వెళ్లాను. గల్లీ మొదట్లో బిందెల వరుస ఉంది, ట్యాంకర్ రావాలట. వరుసలో అన్నిటికన్నా ముందు ఒక పాత స్టీలు బిందె, మూతి మీద ఎర్రటి చుట్టబట్ట. పక్కన మనిషి లేదు. ఆ పక్కనే గడప మీద కూర్చున్న ఆవిడను, ఇది ఎవరిదమ్మా అని అడిగాను. దగ్గరికి వెళ్లి చూస్తే, ఆరోజు మన్నుకు తాపుతున్నారా అని మా మీద గట్టిగా లేచిన మనిషే. నన్ను గుర్తుపట్టింది.

“సైకిల్ పిల్లది మేడమ్. డ్యూటీకి పోయింది. వాళ్లమ్మ మోకాళ్లు నొస్తున్నయని బయటికి వస్తలేదు. గా బిందె ఎప్పుడైనా ముందే ఉంటది. ఎవ్వరూ జరపరు.”

ట్యాంకర్ వచ్చింది. ఆవిడ లేచి, తన బిందె వంక చూడకుండా, ముందు ఆ బిందెను నింపింది. చుట్టబట్ట నెత్తిన సర్దుకుని, వంగి ఎత్తబోయింది. వయసైన మనిషి కదా అని నేను చేతులు చాచాను. ఆవిడ ఇవ్వలేదు.

“మీరు ఉండుండ్రి మేడమ్” అంది. “గిది మేం మోస్తం.”